రాకెట్ లేచే దాకా ఆటో నాదే

మా నాన్న కొట్లో కూర్చోబెట్టి నాకు నేర్పిన మొదటి పాఠం ఇది: ఎవరితో బేరం కుదుర్చుకున్నా గంటలకు కుదుర్చుకోకు, పనికి కుదుర్చుకో. గంటలకైతే అవతలివాడు నిదానంగా పనిచేసి నీ గడియారాన్ని తినేస్తాడు. పనికైతే వాడి గడియారం వాడిది, నీ డబ్బు నీది. నలభై ఏళ్లుగా రిక్షావాళ్లతో, సున్నాలు వేసేవాళ్లతో, పెళ్లి వంటవాళ్లతో ఈ సూత్రం పాటించి గెలిచాను. మొన్న నెల్లూరు తీరంలోనూ గెలిచాను. ఆ గెలుపుకు ఏం చెల్లించాల్సివచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెనాలిలో మాది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు, సూళ్లూరుపేట వైపు నుంచి ఒక పెద్దామె కూతురి పెళ్లికి గుండిగలు కొనడానికి వచ్చింది. శ్రీహరికోటలో లేచిన మొదటి పెద్ద రాకెట్ సముద్రంలో పడిపోయి, ఆ మరుసటి ఏడు రెండోది నిలబడిన రోజులవి. "మా ఊళ్లో రాకెట్ లేస్తే అలమరలో గిన్నెలు వాటంతటవే మోగతాయి" అందామె. మా నాన్న తొణకలేదు. "మోగాయంటే పల్చటి రేకువి కొన్నారన్నమాట. మా సామాను మోగదు, చూసుకోండి" అని ఇంకో రెండు గిన్నెలు అదనంగా అంటగట్టాడు.

నాన్న నమ్మలేదు గానీ నేను నమ్మాను. ఆ తర్వాత ఎన్ని రాకెట్లు లేచాయో. చంద్రుడి మీద దిగబోయి ఒకటి చివరి నిమిషాల్లో కూలిపోతే టీవీ ముందు కూర్చుని ముక్కు చీదాను. నాలుగేళ్లకు ఇంకొకటి దక్షిణ ధ్రువం దగ్గర మెత్తగా దిగితే వీధిలో అందరికీ లడ్డూలు పంచాను, చిన్న సైజువి. ఈ మధ్య శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం కూడా జరిగిపోయిందని విన్నప్పుడు గుండె కలుక్కుమంది. వంద లేచాయి, ఒక్కదానికీ నేను గిన్నెల మోత వినలేదు. టీవీలో శబ్దం పెంచుకున్నాను, అంతే.

అందుకని జూన్‌లో బయల్దేరాను. శ్రీహరికోట లోపల సందర్శకుల గ్యాలరీ ఉంది, ముందే పేరు నమోదు చేసుకుంటే ఉచితం. నేను ఫోన్ తెరిచేసరికి చోటు నిండిపోయింది. ఉచితమైన దానికి ఎలా బేరమాడాలో మా నాన్న నేర్పలేదు.

నెల్లూరు

రైలు దిగి స్టేషన్ ఎదురు సందులో కారం దోశ తిన్నాను. డెబ్బై రూపాయలు. మా వైపు దోశకు కారం పక్కన పెడతారు, ధైర్యమున్నవాడు అద్దుకుంటాడు. ఇక్కడ దోశ లోపలే పూసేస్తారు, తప్పించుకునే దారి ఉండదు. "చట్నీ ఇంకోసారి వేస్తారా, దానికి వేరే రేటా?" అని అడిగితే ఆ అబ్బాయి నా వైపు జాలిగా చూసి గిన్నె నా ముందే పెట్టి వెళ్లిపోయాడు. బేరమాడే మనిషికి ఇంతకంటే అవమానం ఉండదు.

ప్రయోగం మర్నాడు పొద్దున ఆరూ ఇరవైకి. పగలంతా ఖాళీ. సముద్రం చూడ్డానికి టికెట్ లేదు కాబట్టి ఇందుకూరుపేట మీదుగా మైపాడు బస్సెక్కాను. ఆడవాళ్లకు బస్సు కూడా ఊరికే. ఆధార్ కార్డు చూపించి కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా రొయ్యల చెరువులు, నీళ్లలో తిరిగే చక్రాలు. అవి చూస్తుంటే కళ్లు తిరిగాయి.

మైపాడు

రెండు నెలల చేపల వేట నిషేధం మర్నాటి అర్ధరాత్రితో ముగుస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో సముద్రాన్ని వదిలేయాలని ప్రభుత్వం పెట్టిన నియమం. పడవలన్నీ ఇసుకలోకి లాగి ఉన్నాయి. మగవాళ్లు వలలకు ముళ్లు వేస్తున్నారు, ఆడవాళ్లు వాళ్లు వేసినవి తప్పని చెబుతున్నారు.

పూరిపాక హోటల్లో చేపల పులుసు భోజనం నూట అరవై. చేప చెరువుది, మామిడికాయ చెట్టుది. "ఇవాళ వండిందేనా?" అన్నాను అనుమానంగా.

వడ్డించే ఆమె నవ్వింది. "ఇయ్యాల్ది ఏం బాగుంటదమ్మా. నిన్నటిది తినండి, మీ అదృష్టం ఒక గిన్నె మిగిలింది."

తెనాలిలో నిన్నటి కూరంటే సగం ధరకు అడగొచ్చు. ఇక్కడ నిన్నటి పులుసుకు పది రూపాయలు ఎక్కువ. తిన్నాక నోరెత్తలేదు. పులుపూ కారమూ రాత్రంతా కూర్చుని రాజీపడినట్టు ఉంది.

హోటల్ ముందే చెంచయ్య ఆటో ఆగి ఉంది. నలభై లోపు మనిషి, నల్లగా, బిగువుగా ఉన్నాడు. సూళ్లూరుపేట దాటి, పులికాట్ సరస్సు ఒడ్డున రాకెట్ బాగా కనబడే చోటికి తీసుకెళ్లాలన్నాను. చూశాక నేను అక్కడే రైలెక్కుతాను, అతను ఖాళీగా వెనక్కి రావాలి.

"మూడున్నర వేలు ఇయ్యండక్కా. రాత్రి ఆడ్నే పడుకోవాల గదా."

నేను లెక్క కట్టాను. పోను రాను కిలోమీటరుకు పదహారు, పదిహేడు పడుతోంది. "చెంచయ్యా, అప్పట్లో మనవాళ్లు అంగారకుడికి బండి పంపితే కిలోమీటరుకు ఏడు రూపాయలు పడిందన్నారు. నువ్వు సూళ్లూరుపేటకి పదిహేడు అడుగుతున్నావు. అంగారకుడి కంటే దూరమా అది?"

అతను బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "అయితే అంగారకుడికే పోండక్కా. రిటన్ కిరాయి గూడా మిగులుద్ది. పోయినోళ్లు తిరిగొచ్చేది లేదంట గదా."

హోటల్ ఆమె పడీపడీ నవ్వింది. అరగంట గుంజులాడుకున్నాం. చివరికి రెండు వేల రెండొందలు. అప్పుడు నాన్న పాఠం గుర్తొచ్చి ఒక మేకు కొట్టాను. "గంటల లెక్క లేదు. రాకెట్ లేచే దాకా ఆటో నాదే. లేవడం చూపించాకే నీ పని అయినట్టు."

"అట్నే. మాటంటే మాట" అన్నాడు. ఆరూ ఇరవైకి లేచేదానికి ఎనిమిదింటికల్లా ఖాళీ అయిపోతానని అతని లెక్క. పదమూడు వందలు తగ్గించానని నా లెక్క. ఇద్దరం ఎదుటివాడు అమాయకుడనుకుంటూ బయల్దేరాం.

సూళ్లూరుపేట దారిలో

ఆటో అతనిది కాదు. అసలు పని సముద్రం మీద. జువ్వలదిన్నె హార్బర్‌లో ఒక పెద్ద మరపడవ మీద వేట. నిషేధం ఉన్న రెండు నెలలూ ఈ ఆటో అద్దెకు తీసుకుని తిప్పుతాడు. ఓనరు జువ్వలదిన్నెలోనే ఉంటాడట.

"చంద్రుడి మీద మనది దిగినప్పుడు ఎక్కడున్నావు?" అని అడిగాను.

"నీళ్లమీదున్నా. వైర్‌లెస్ సెట్లో పక్క పడవోడు 'దిగింది, దిగింది' అని అరస్తాండాడు. మేం వాడి పడవే మునిగి దిగింది అనుకుని వల కోసేసి ఆ దిక్కుకు పోయినాం. పోయి చూస్తే వాళ్లు బిస్కెట్లు తింటా ఉన్నారు."

"మరి వల?"

"పాయె. చంద్రుడి ఖాతాలో రాసుకున్నాం."

రాకెట్ ఉన్న రోజు ఆ దక్షిణపు నీళ్లవైపు పోవద్దని ముందే చెబుతారట. ఉత్తరాన జువ్వలదిన్నె వైపు ఆ ఇబ్బంది లేదు. మొదటిసారి కూలి రెండోసారి దిగిన సంగతి చెబితే అతనికి వింతేమీ అనిపించలేదు. "వలేస్తే పడేది యాడుంది మొదటిసారే. మళ్లా వేస్తాం. రాకెట్టోళ్లూ మా లాంటోళ్లే."

సూళ్లూరుపేటలో లాడ్జీలన్నీ ప్రయోగం రేటు చెబుతున్నాయి. పన్నెండు వందల గదిని తొమ్మిది వందలకు తెచ్చాను. లోపలికెళ్లాక ఫ్యాను రెక్కలు లేకుండా గొట్టం ఒక్కటే వేలాడుతోంది. అడిగితే, "రెక్కలు పన్నెండు వందలకమ్మా" అన్నాడు. చెంచయ్య ఆటోలో కాళ్లు బయటపెట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

సరస్సు ఒడ్డున

తెల్లవారుజామున సరస్సు ఒడ్డు చేరాం. పులికాట్ అనగానే గులాబీ రంగు కొంగల బారులుంటాయని ఊహించుకున్నాను. అవి చలికాలపు చుట్టాలు, ఎప్పుడో వెళ్లిపోయాయి. ఎండకు నీళ్లు లోపలికి తగ్గిపోయి, ఒడ్డంతా ఉప్పు పొర కట్టిన బురద. ఆ బురద అవతల, దూరంగా నల్లటి చెట్ల గీత. అదే శ్రీహరికోట. అక్కడినుంచే మనదేశం చందమామకు బండి కట్టింది.

చెన్నై నుంచి కార్లలో వచ్చినవాళ్లు, కుర్చీలు తెచ్చుకున్నవాళ్లు, పులిహోర పొట్లాలు విప్పినవాళ్లు. అందరికీ కాఫీ ఒకే చోట, ధనమ్మ పాకలో. ధనమ్మకు అరవై దాటి ఉంటాయి. తెలుగులో మొదలుపెట్టిన మాట అరవంలో ముగిస్తుంది. కాఫీ ఇరవై రూపాయలు.

"మామూలు రోజు ఎంత?"

"పన్నెండు."

"మరి ఇవాళ ఇరవై ఎందుకు?"

"ఇయ్యాల పాలు రాకెట్ మీద రావాల" అంది ముఖం తిప్పకుండా.

ఆమె వెనక చెక్క అలమర మీద స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి, మూడు వరసలు. నేను చేత్తో ఒకటి పట్టుకుని మందం చూశాను. అలవాటు అది. "రాకెట్ లేస్తే ఇవి మోగుతాయా?" అన్నాను.

"మోగేదేంది, పైవరసవి జరిగి జరిగి కింద పడతాయి. అందుకే ఇదిగో, తాడు కట్టినా."

నలభై ఆరేళ్ల అనుమానం తీరింది. నాన్న ఓడిపోయాడు. తొమ్మిదేళ్ల పిల్లలా ఆ అలమర పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. ధనమ్మ నా ప్రయాణం సంగతంతా రాబట్టింది. ఆటో రెండు వేల రెండొందలకు ఎలా తెచ్చానో గర్వంగా చెప్పాను.

"ఆడోళ్లకు బస్సు ఊరికే గదమ్మా" అంది ధనమ్మ. "సూళ్లూరుపేట దాకా దుడ్డు లేకుండా వచ్చి, ఆడ్నించి వందకు ఆటో దొరికేదే."

నేను కాఫీ తాగుతున్నట్టు నటించాను. గ్లాసు అప్పటికే ఖాళీ.

ఆరు గంటలకు జనంలో ఒకటే గుసగుస. పైన గాలులు అనుకూలంగా లేవట. ప్రయోగం ఒక రోజు వాయిదా. రేపు ఇదే సమయానికి. కుర్చీలు మడిచారు, పులిహోర పొట్లాలు కట్టారు. చిన్నపిల్లలు ఏడ్చారు, నాకూ అదే చేయాలనిపించింది గానీ వయసు అడ్డొచ్చింది. ధనమ్మ మాత్రం ఇంకో రెండు లీటర్ల పాలకు కబురు పెట్టింది.

నాకు తొందరేం లేదు, ఇంకో రోజు ఉంటాను. లోపల్లోపల ఇంకో సంతోషం కూడా: ఆటో నాదే. గంటల లెక్కకైతే ఈ రోజు కిరాయి పగిలిపోయేది. చెంచయ్యతో అన్నాను, "రేపటిదాకా ఉందాం మరి. మాట మాటే కదా."

"మాట మాటే అక్కా" అన్నాడు. అని, ఆటో వెనక్కి పోయి ఫోన్లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. అవతలివాళ్లు అరుస్తున్నారు, ఇతను "సరే, సరేలే" అంటున్నాడు. వచ్చి కాఫీ అడిగాడు. ఇస్తే తాగలేదు, చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

ధనమ్మ నా దగ్గరికి జరిగింది. "ఏమ్మా, ఆ అబ్బయ్య వేటకు పోయే మనిషని తెలుసునా నీకు?"

"చెప్పాడు."

"మరి రేపు తెల్లారి ఏందో తెలుసునా? నిషేధం అయిపోయినాక మొదటి వేట. మోకు పట్టే పొద్దు."

అప్పుడు ఆమే చెప్పింది, ఆమె తమ్ముడూ ఆ పనివాడే. మొదటి వేటకు పడవ కదిలే ముందు ఒడ్డున గంగమ్మకు కొబ్బరికాయ కొడతారు. కొట్టే సమయానికి పడవ మోకును, అంటే ఆ కట్టుతాడును, పనివాళ్లంతా చేత్తో పట్టుకుని ఉండాలి. పట్టుకున్నవాడే ఆ ఏడాది ఆ పడవ మనిషి. రానివాడి చోటు వేరొకడికి పోతుంది. మళ్లీ వచ్చే నిషేధం దాకా అంతే.

"అదేమయ్యా, నాకెందుకు చెప్పలేదు?" అన్నాను చెంచయ్య దగ్గరికి పోయి.

"చెప్తే ఏం చేస్తారక్కా. మాటిచ్చినా గదా."

"వెళ్లిపో అంటున్నాను. ఇదిగో నీ డబ్బు మొత్తం."

అతను చెయ్యి చాపలేదు. "అట్ల తీసుకోకూడదక్కా. మొదటి వేటకు ముందర మాట తప్పి పోయినోడి వలలో చేప పడదు. వాడొక్కడికే కాదు, పడవకంతా. పడవ నడిపే సరంగుకు తెలిస్తే నన్ను మోకు తాకనీడు గూడా."

"నేనే వదిలేస్తున్నాను కదా."

"మీరు వదిలేస్తే అది మీ దయ. నా మాట తీరినట్టు కాదు."

నేను ఆ బురద ఒడ్డున నిలబడి నా బేరం గురించి ఆలోచించాను. అరగంట గుంజులాడి, ఒక మనిషిని ఎటూ కదలకుండా కట్టేశాను. ఆ తాడు నేనే పేనాను. ఉంటే చోటు పోతుంది, పోతే వల ఎండుతుంది. ఇంట్లో భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారట. ఆటో కూడా రేపు పొద్దున ఓనరుకు అప్పజెప్పాలి, ఆ తర్వాత అదీ లేదు.

కొట్లో పెరిగినవాళ్లకు ఒక రోగముంటుంది. బేరం తప్పని తెలిశాక కూడా, దాన్ని విడదీసి ఏ ముక్కలో సందు ఉందో వెతుకుతాం. వెతికాను.

"చెంచయ్యా, మన మాట ఏమిటి? ఇంకోసారి చెప్పు."

"రాకెట్ లేచే దాకా ఆటో మీది. లేవడం చూపించాల."

"ఎక్కడినుంచి చూపించాలి?"

ధనమ్మ గరిటె ఆగింది.

"సరస్సు ఒడ్డుకు తీసుకుపొమ్మన్నాను, తెచ్చావు, ఆ ముక్క అయిపోయింది. లేవడం ఇక్కడే చూడాలని నేననలేదు. జువ్వలదిన్నె నుంచి కనబడుతుందా?"

చెంచయ్య ఆ చెట్ల గీత వైపు చూశాడు. "మబ్బు లేకపోతే కనబడుద్దక్కా. దక్షిణం పక్క తెల్లంగా లేస్తది, దారం మాదిరి. పడవ మీంచి ఎన్నోసార్లు చూసినాం. శబ్దం మాత్రం ఆడికి రాదు."

అది నాకు తెలుసు. నేను అలమర వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. ధనమ్మ చూసినట్టుంది.

"ఫోన్ నెంబరు ఇయ్యి" అంది. "రేపు ఆరూ ఇరవైకి నేను చేస్తా, గ్లాసుల పక్కన పెడతా. నువ్వు చెవిలో పెట్టుకుని విను. దీనికి దుడ్డు వద్దులే."

కాఫీకి ఇరవై చొప్పున నాలుగింటికి ఇచ్చి బయల్దేరాను. ఈసారి పన్నెండు మాట ఎత్తలేదు.

మళ్లీ మైపాడు

సాయంత్రానికి చెంచయ్య ఇల్లు. అతని వేట సంచి, బట్టలు, పది రోజుల సరుకులు అక్కడే ఉన్నాయి. భార్య రమణమ్మ గుమ్మంలోనే అందుకుంది. "మాట ఇచ్చేటప్పుడు రోజు చూసుకోవద్దా? సముద్రం మీద అలలు లెక్కపెడతాడు, క్యాలెండర్ మీద తేదీ కనబడదు ఈ మనిషికి."

అతను నా వెనక దాక్కున్నంత పనిచేశాడు. నన్ను మాత్రం లోపలికి పిలిచి పీట వేసింది. పొద్దున వండిన పులుసు పెట్టి, "రేపటికి బాగుండేది, మీకే అదృష్టం లేదు" అంది. ఎవరి వల్ల ఆ రోజు ఇంట్లో గొడవైందో ఆమెకు తెలుసు. అయినా చేప తలకాయ నాకే వేసింది. ఆమె చోట నేనుంటే తోకముక్క దగ్గరే ఆగేదాన్ని.

రొయ్యల లారీ

నాలుగింటికి లేచి బయల్దేరాం. పెన్న దాటి, అల్లూరు దారి పట్టాం. కొబ్బరికాయ ఆరుంబావుకు. టైముకే పోతామనుకున్నాం. కానీ ఒక మలుపులో దారికి అడ్డంగా లారీ. పక్క చెరువులో రొయ్యలు పడుతున్నారు. ట్రేలు, ఐసు, పదిమంది మనుషులు. దారి ఒక్క బండికే సరిపోతుంది. వెనక్కి తిరిగితే గంట చుట్టు.

చెంచయ్య దిగి పోయి బతిమాలాడు. "అరగంటలో అయిపోద్ది, ఉండబ్బా" అన్నారు. అరగంటంటే కొబ్బరికాయ అయిపోతుంది. అతను వచ్చి హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

నేను దిగాను. చెరువు తాలూకు మనిషి తలకు తువ్వాలు చుట్టుకుని కాటా దగ్గర నిలబడి ఉన్నాడు.

"రొయ్యలు ఎంత?"

"చిల్లరకు అమ్మం తల్లీ. లోడు పోవాల."

"రెండు కిలోలు కావాలి. నీ రేటు చెప్పు."

అతను నన్ను వదిలించుకోవడానికి ఊరి రేటు కంటే బాగా పైనే చెప్పాడు. "ఐదొందలు కిలో."

నా యాభై అయిదేళ్ల జీవితంలో ఆ మాట తర్వాత ఎప్పుడూ చేయని పని చేశాను. వెయ్యి రూపాయలు తీసి అతని చేతిలో పెట్టాను. సగానికి అడగలేదు, తూకం సరిగ్గా ఉందా అని కూడా చూడలేదు. "ఇక ఆ లారీ పది గజాలు వెనక్కి జరిపిస్తావా నాయనా, నేను బేరం లేకుండా కొన్నాను కదా" అన్నాను.

అతను నోట్ల వైపు, నా వైపు చూశాడు. మొదటి బేరం తగువు లేకుండా కుదిరితే ఆ రోజంతా మంచిదని వ్యాపారం చేసే ఎవరైనా నమ్ముతారు, అది కొట్టైనా చెరువైనా. "ఒరే, బండి వెనక్కి తియ్యరా" అని కేకేశాడు.

ఆటో కదిలాక చెంచయ్య నా ఒళ్లో సంచి చూసి, "మోసం చేసినాడక్కా, కిలో నాలుగొందలు గూడా చేయవు అవి" అన్నాడు.

"తెలుసు. నువ్వు ముందు చూసి నడుపు."

జువ్వలదిన్నె

హార్బర్ కొత్తది. పొడుగాటి ప్లాట్‌ఫారాలు, వరసగా పడవలు, ప్రతి పడవకూ పసుపు, కుంకుమ, బంతిపూలు. రెండు నెలలు నిద్రపోయిన ఇంజన్లు దగ్గుతున్నాయి. చెంచయ్య ఆటో ఆపాడో లేదో తెలియదు, వేట సంచి అందుకుని పరుగెత్తాడు. సరంగు అప్పటికే కాయ చేతిలో పట్టుకుని ఉన్నాడు. పనివాళ్లంతా మోకు పట్టుకుని నిలబడి ఉన్నారు. చివర ఒక కుర్రవాడు ఖాళీ చోటు వైపే చూస్తూ ఉన్నాడు, ఎప్పుడు దూరదామా అని. చెంచయ్య ఆ చోట్లో చెయ్యి వేశాడు. కాయ పగిలింది.

కానీ అయిపోలేదు.

"ఎక్కండి, ఎక్కండి" అన్నాడు సరంగు. అందరూ ఎక్కారు. చెంచయ్య మోకు పట్టుకుని ఒడ్డునే నిలబడ్డాడు.

"ఏందిరా, నీకు చెప్పాల్నా?"

"ఒక్క అయిదు నిమిషాలు మామా. మాట ఒకటుంది. రాకెట్ లేస్తే ఎక్కేస్తా."

సరంగు అతన్ని చూశాడు, నన్ను చూశాడు, నా చేతిలో రొయ్యల సంచి చూశాడు. మొదటి వేట పడవలన్నీ ఒకదాని వెంట ఒకటి కదిలిపోతున్నాయి. ముందు పోయినవాడికి ముందు చేప. నేను మనసులో లెక్క పెట్టుకుంటున్నాను: పైన గాలులు మళ్లీ బాగోకపోతే? ఇంకో రోజు వాయిదా పడితే? ఈ మనిషి మోకు పట్టుకుని ఇక్కడే నిలబడిపోతాడా?

"ఎవరికిచ్చినావు మాట?" అన్నాడు సరంగు.

"ఆ అక్కకు."

సరంగు తిట్టబోయి ఆగాడు. ఇంజన్ ఆపించాడు. "సరే. మాటైతే తీరాల్సిందే" అని తానూ దక్షిణం వైపు తిరిగాడు. పడవ మీది పదిమందీ తిరిగారు. పక్క పడవలవాళ్లు వీళ్లెందుకు చూస్తున్నారో అని వాళ్లూ తిరిగారు.

నా ఫోన్ మోగింది. ధనమ్మ. "పెట్టినా, గ్లాసుల పక్కన పెట్టినా, విను" అంది. తర్వాత ఆమె మాట లేదు. జనం గోల, ఎవరో అరవంలో వెనక్కి లెక్కపెడుతున్నారు. తర్వాత ఒక్కసారిగా కేరింతలు.

మా ఎదుట ఆకాశంలో ఏమీ లేదు. సముద్రపు ఆవిరి, కొన్ని కాకులు. చెంచయ్య పెదవులు కదులుతున్నాయి. అప్పుడు ఆ ఆవిరి పై అంచులోంచి ఒక చుక్క బయటికి వచ్చింది, పగటిపూట వెలిగించిన దీపంలా. దాని వెనక తెల్లటి దారం. చెంచయ్య చెప్పినట్టే, అంతకంటే సన్నగా. ఆ దారం ఎత్తుకెళ్లి తూర్పుకు వంగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాళ్లు సముద్రం మీద వాతావరణం చూసినట్టే చూశారు, కళ్లు చిట్లించి, తూకం వేస్తున్నట్టు.

అప్పుడు ఫోన్లో వినబడింది. మొదట చేటలో బియ్యం చెరిగినట్టు, తర్వాత రేకుల మీద వాన పడినట్టు. ఆ వానలోంచి సన్నగా, ఒకదాన్నొకటి తాకుతున్న గ్లాసులు. మా నాన్న కొట్లో సాయంత్రం పూట సామాను సర్దుతుంటే వచ్చే మోతే. ఏదో ఒకటి కింద పడింది, దొర్లింది. లైను తెగిపోయింది.

"లేచిందా అక్కా?" అన్నాడు చెంచయ్య. కళ్లముందు కనబడుతున్నా, నా నోటితో వినాలి అతనికి.

"లేచింది."

"అయితే నా పని అయినట్టేనా?"

"అయింది నాయనా. ఎక్కు."

అతను మోకు విప్పి పడవలోకి దూకాడు. రెండు వేల రెండొందలు అప్పుడు తీసుకుని లుంగీ మడతలో దోపుకున్నాడు. రొయ్యల సంచి ఇవ్వబోతే పడవంతా నవ్వింది. "చెరువు రొయ్యలు సముద్రానికి తీసుకుపోతే గంగమ్మ నవ్వుద్దక్కా" అన్నాడు. పడవ మలుపు తిరిగే దాకా చెయ్యి ఊపాడు. ఆకాశంలో తెల్ల దారం అప్పటికే గాలికి చెదిరి మెలికలు తిరిగిపోతోంది.

అప్పుడు గుర్తొచ్చింది, నా రైలు సూళ్లూరుపేటలో అనుకున్నాను. నేనున్నది జువ్వలదిన్నెలో. మా మాట రాకెట్ లేచే దాకానే. తిరుగు ప్రయాణం అందులో లేదు. అంగారకుడికి పోయినవాళ్ల సంగతి చెంచయ్య మొదటిరోజే చెప్పాడు.

ఆటో దగ్గర ఒక ముసలాయన తాళం తిప్పుకుంటూ సీటు దులుపుతున్నాడు. అసలు ఓనరు. నా తువ్వాలు తీసి మడిచి ఇచ్చాడు. "యాడికమ్మా, కావలి స్టేషన్‌కా? మూడొందలు."

నూట యాభై అనబోయాను. నోరు తెరుచుకుంది కూడా. దూరంగా పడవ నీళ్ల మీద చిన్న మచ్చ అయింది.

"మూడొందలే ఇస్తాను పెద్దాయనా," అన్నాను ఎక్కి కూర్చుంటూ, "ముందు నాకొకటి చెప్పు. ఈ పొద్దున నువ్వు వేరే ఎవరికైనా ఇచ్చిన మాట ఉందా?"